అతిథి యంత్రానికి అంతర్జాలం: లినక్స్ వర్చువల్ మెషిన్ అనుసంధాన చరిత్ర – పాశమైలారం నుంచి ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక కంప్యూటరులో మరొక కంప్యూటరును సాఫ్ట్‌వేరు రూపంలో నడపడాన్ని వర్చువల్ మెషిన్ పద్ధతి అంటారు. పాత తెలుగు పుస్తకాల పుటలను యూనికోడ్ పాఠ్యంగా మార్చే పనిలో ఇది తెలుగు శాఖలకు కూడా అవసరమైంది. అలాంటి లినక్స్ యంత్రానికి అంతర్జాలం అందే తీరు వెనుక మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. చిరునామాల కొరతను తట్టుకోవడానికి తాత్కాలికంగా ప్రతిపాదించిన నాట్ పద్ధతి, పూర్తి అనుసంధానం లేని వినియోగదారుల కోసం పుట్టిన స్లర్ప్ అనే ఉపకరణం కలిసి నేటి వర్చువల్ మెషిన్‌కు అంతర్జాలాన్ని ఇస్తున్నాయి. ఈ ఏర్పాటు మనల్ని బయటి నుంచి తెచ్చుకోగలవారిగా చేసింది. బయటివారు మన దగ్గరికి రాగల దారిని మాత్రం మూసి ఉంచింది. ఈ విషయాన్ని చారిత్రక క్రమంలోనూ, పాశమైలారం ప్రాంత విద్యార్థులతో జరిగిన తరగతి అనుభవం ఆధారంగానూ పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: లినక్స్, వర్చువల్ మెషిన్, నాట్, స్లర్ప్, అతిథి యంత్రం, ఐపీ చిరునామా, తెలుగు పాఠ్యాల డిజిటలీకరణ, పాశమైలారం.

1. ఉపోద్ఘాతం

జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర పక్కకు తిరిగితే పాశమైలారం పారిశ్రామికవాడ వస్తుంది. ఈ పేరు వినగానే 2025 జూన్ 30న అక్కడి ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు తెలుగు పాఠకునికి గుర్తుకు వస్తుంది. అంతకు ముందు నుంచీ ఈ ప్రాంతం అనేక రాష్ట్రాల కార్మికులకు బతుకుతెరువు. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ ఈ పటాన్‌చెరులోనే ఉంది. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ సంగారెడ్డి దారిలోనే కందిలో ఉంది. అంతర్జాతీయ పరిశోధన, ఉన్నత సాంకేతిక విద్య, కాంట్రాక్టు కూలి పని ఒకే రహదారి పక్కన పొరుగున ఉన్న ప్రాంతమిది.

ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థులకు నేను తెలుగు బోధిస్తున్నాను. కాపీహక్కు గడువు తీరిన పాత పుస్తకాల స్కాన్ పుటలను పాఠ్యంగా మార్చడం వారికిచ్చిన ప్రాజెక్టు పని. దీనికి టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఎంచుకున్నాం. ప్రయోగశాలలోని కంప్యూటర్లలో విండోస్ ఉంది, దాన్ని తొలగించడానికి అనుమతి లేదు. అందువల్ల వర్చువల్‌బాక్స్ ద్వారా విండోస్ లోపలే లినక్స్‌ను నడిపాం. లినక్స్ తెరుచుకుంది, తెలుగు అక్షరాలు కనిపించాయి, కానీ టెసరాక్ట్‌ను దించుకోవడానికి అంతర్జాలం అందలేదు. అదే కంప్యూటరులోని విండోస్‌లో మాత్రం అన్ని వెబ్‌సైట్లూ తెరుచుకుంటున్నాయి. ఒకే తీగ, ఒకే యంత్రం, అయినా లోపలి దానికి దారి లేదు. ఎందుకు లేదన్న ప్రశ్న నుంచి ఈ వ్యాసం పుట్టింది.

2. యంత్రంలో యంత్రం: 1967 నుంచి 2007 వరకు

వర్చువల్ మెషిన్ భావన వ్యక్తిగత కంప్యూటరు కంటె పాతది. ఐబీఎం కేంబ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో 1967లో వాడుకలోకి వచ్చిన సీపీ-40 అనే వ్యవస్థ ఒకే పెద్ద కంప్యూటరును ఎన్నో కంప్యూటర్లుగా భ్రమింపజేసింది. ప్రతి వినియోగదారునికీ తనకొక ప్రత్యేక యంత్రం ఉన్నట్లే తోచేది. 1972 ఆగస్టులో ఐబీఎం ఈ పద్ధతిని వీఎం/370 పేరుతో వాణిజ్యపరంగా ప్రకటించింది. ఒక ప్రాసెసరు ఇలాంటి పనికి తగినదో కాదో తేల్చే సైద్ధాంతిక నియమాలను 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ ప్రతిపాదించారు.

తరువాత ఇళ్లలోకి, కార్యాలయాల్లోకి వచ్చిన ఇంటెల్ తరహా ప్రాసెసర్లు ఆ నియమాలకు లొంగలేదు. 1998లో ఏర్పడిన వీఎంవేర్ సంస్థ ఆ అడ్డంకిని సాఫ్ట్‌వేరు ఉపాయంతో దాటి 1999లో తన వర్క్‌స్టేషన్‌ను విడుదల చేసింది. 2005 చివర ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్లలోనే ఈ సదుపాయాన్ని చేర్చాయి. 2007 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఆ జనవరిలో జర్మనీకి చెందిన ఇన్నోటెక్ వర్చువల్‌బాక్స్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదల చేసింది. ఫిబ్రవరిలో కేవీఎం అనే భాగం లినక్స్ కెర్నల్ 2.6.20లో చేరింది. దానితో డబ్బు చెల్లించకుండానే ఏ కళాశాలైనా తన కంప్యూటర్లలో అతిథి యంత్రాలను నడపగల స్థితి వచ్చింది.

లోపలి యంత్రాన్ని ‘గెస్ట్’ అని, దానికి చోటిచ్చే యంత్రాన్ని ‘హోస్ట్’ అని పిలుస్తారు. వీటికి ‘అతిథి’, ‘ఆతిథేయ’ పదాలు చక్కగా సరిపోతాయి. ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, డిస్కు ఈ మూడింటినీ ఆతిథేయి తన సొంతంలోంచి పంచి ఇవ్వగలదు. అంతర్జాల చిరునామా మాత్రం ఆతిథేయి చేతిలోది కాదు. అది బయటి వ్యవస్థ ఇవ్వవలసినది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

3. చిరునామాల కొరత: 1981 నుంచి 2011 వరకు

నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్న ఐపీవీ4 చిరునామా పద్ధతిని 1981 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 791 అనే పత్రం నిర్వచించింది. ఇందులో చిరునామాకు 32 బిట్లు ఉంటాయి. అంటే మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు. కొన్ని వందల కంప్యూటర్లున్న కాలంలో ఇది తరగని నిధిలా కనిపించింది. 1990ల ఆరంభానికి అది తరిగిపోతుందని నిపుణులకు అర్థమైంది.

1994 మేలో ఎగవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1631లో నాట్ పద్ధతిని వివరించారు. లోపలి కంప్యూటర్లకు లోపల మాత్రమే చెల్లే చిరునామాలు ఇవ్వాలి. అవి బయటికి వెళ్లేటప్పుడు సరిహద్దులోని పరికరం వాటిని బయట చెల్లే చిరునామాతో మార్చాలి. ఇదీ ఆ ప్రతిపాదన సారాంశం. రచయితలే దీన్ని స్వల్పకాలిక పరిష్కారంగా పరిచయం చేశారన్నది గమనార్హం. 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 లోపలి వాడకానికి మూడు చిరునామా సమూహాలను కేటాయించింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆ మూడు. మన ఇళ్లలో వైఫై పెట్టెలు ఇచ్చే చిరునామాలు సాధారణంగా వీటిలోనివే. చిరునామాతో పాటు పోర్టు సంఖ్యను కూడా మార్చి ఒకే చిరునామా వెనుక ఎన్నో యంత్రాలను దాచే పద్ధతి 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3022లో చోటు చేసుకుంది.

పాశమైలారం విద్యార్థికి దీన్ని వివరించడం తేలిక. ఒకే ఇంటి నంబరు కింద పది, పదిహేను కిరాయి గదులుంటాయి. గదులకు 1, 2, 3 అని లోపలి లెక్క ఉంటుంది. పోస్టుమనిషికి ఆ లెక్క తెలియదు, ఇంటి యజమాని కేరాఫ్ మాత్రమే తెలుసు. ఏ ఉత్తరం ఏ గదిదో తేల్చవలసినది యజమానే. పక్క వీధిలోని ఇంటిలోనూ 3వ నంబరు గది ఉండవచ్చు, అయినా గందరగోళం రాదు. నాట్ చేసే పని ఈ కేరాఫ్ పనే.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి నిల్వలోని చివరి ఐపీవీ4 సమూహాలు ప్రాంతీయ సంస్థలకు పంపిణీ అయిపోయాయి. అదే ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతం తన చివరి భాగానికి చేరి పొదుపు కేటాయింపు మొదలుపెట్టింది. అందరి కంటె ముందుగా కొరతను చూసినది మన ప్రాంతమే. స్వల్పకాలికమనుకున్న ఉపాయం ఆ విధంగా శాశ్వత నివాసమైంది.

4. స్లర్ప్: అనుమతి లేనివారి ఉపాయం

ఇంటర్నెట్‌లో చేరడానికి 1990లలో రెండు మెట్లుండేవి. మొదటిది షెల్ ఖాతా. ఫోను తీగ ద్వారా దూరాన ఉన్న యూనిక్స్ కంప్యూటరులోకి ప్రవేశించి అక్కడ అక్షరాల తెర మీద పని చేసుకోవాలి. చిరునామా ఆ కంప్యూటరుదే, మన యంత్రం కేవలం తెర. రెండవది టీసీపీ/ఐపీ ఖాతా. అందులో మన కంప్యూటరే అంతర్జాలంలో భాగమై బొమ్మలతో కూడిన వెబ్‌ను చూడగలదు. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో సామాన్య ప్రజలకు అంతర్జాలాన్ని తెచ్చినప్పుడు కూడా ఈ రెండు తరగతులున్నాయి. విద్యార్థులకు చవకగా లభించినది షెల్ ఖాతాయే. మొదటి విడత నగరాల్లో హైదరాబాదు లేదు.

అదే 1995లో డానీ గాస్పరోవ్‌స్కీ రాసిన స్లర్ప్ అనే కార్యక్రమం ప్రపంచవ్యాప్తంగా షెల్ ఖాతాదారులకు ఒక దారి చూపింది. దీన్ని యూనిక్స్ కంప్యూటరులో సాధారణ వినియోగదారుగానే నడపవచ్చు, నిర్వాహకుని హక్కు అవసరం లేదు. ఇంటి కంప్యూటరు పంపే పొట్లాలను అది అందుకుని, వాటిలోని కోరికను తన కోరికగా బయటి సర్వరుకు విన్నవిస్తుంది. వచ్చిన జవాబును తిరిగి ఇంటి కంప్యూటరుకు పొట్లం కట్టి పంపుతుంది. బయటివారికి కనిపించేది యూనిక్స్ కంప్యూటరు మాత్రమే. చిన్న ఖాతా ఉన్నవాడు పెద్ద ఖాతా సౌకర్యాన్ని ఈ విధంగా పొందాడు.

ఫోను తీగల కాలం ముగిసినా స్లర్ప్ ముగియలేదు. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో వెలువరించిన క్యూఈఎంయూ అతిథి యంత్రాలకు అంతర్జాలం ఇవ్వడానికి స్లర్ప్ సంకేతాన్నే తీసుకుంది. వర్చువల్‌బాక్స్‌లోని నాట్ విధానానికీ అదే మూలం. ఇంటి కంప్యూటరు స్థానంలో అతిథి యంత్రం, యూనిక్స్ సర్వరు స్థానంలో ఆతిథేయ యంత్రం వచ్చాయి. నిర్వాహకుని అనుమతి లేకుండానే విండోస్‌లోని ఒక సాధారణ కార్యక్రమంగా ఈ పని సాగడానికి కారణం అదే పుట్టుక.

వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ అతిథి తన చిరునామా అడిగితే సాధారణంగా 10.0.2.15 అని చూపుతుంది. దాని గేట్‌వే 10.0.2.2, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ 10.0.2.3. మా ప్రయోగశాలలో ఆరు అతిథి యంత్రాలు నడుస్తుండగా ఆరింటికీ 10.0.2.15 అనే కనిపించడం విద్యార్థులను ఆశ్చర్యపరిచింది. ప్రతి అతిథీ తన ప్రత్యేక గదిలో ఉంది. ఒక ఇంటి 3వ గదికీ మరొక ఇంటి 3వ గదికీ సంబంధం లేనట్లే వాటి మధ్యా సంబంధం లేదు.

5. మూడు అనుసంధాన విధానాలు

వర్చువల్ మెషిన్ అమరికల్లో ప్రధానంగా మూడు విధానాలు కనిపిస్తాయి. వీటిని కేవలం సాంకేతిక ఐచ్ఛికాలుగా కాక, అతిథికీ బయటి లోకానికీ మధ్య మూడు రకాల సంబంధాలుగా గుర్తించవచ్చు.

5.1 నాట్: కర్మాగారం గేటు దగ్గర బయటికి వెళ్లే కార్మికుని పేరు, సమయం రిజిస్టరులో రాస్తారు. తిరిగి వచ్చినప్పుడు రిజిస్టరు చూసి లోపలికి పంపుతారు. పేరు లేని కొత్త మనిషి వస్తే ఆపుతారు. నాట్ పరికరంలోని పట్టిక అలాంటి రిజిస్టరే. లోపలి నుంచి మొదలైన సంభాషణకు జవాబు రావచ్చు. బయటి నుంచి మొదలైన సంభాషణకు పట్టికలో నమోదు ఉండదు కాబట్టి ప్రవేశం లేదు. ఫలానా పోర్టుకు వచ్చినవారిని ఫలానా యంత్రానికి పంపమని ముందే రాసిపెడితే, అంటే పోర్ట్ ఫార్వార్డింగ్ చేస్తే, అప్పుడు మాత్రమే వీలవుతుంది.

5.2 బ్రిడ్జ్‌డ్: ఇందులో అతిథి యంత్రం ఆతిథేయి పక్కనే, అదే నెట్‌వర్కులో స్వతంత్ర సభ్యురాలిగా నిలుస్తుంది. రౌటరును అడిగి సొంత చిరునామా తెచ్చుకుంటుంది. ఇది సొంత ఇంటి నంబరు పొందడం వంటిది. నెట్‌వర్కు నిర్వాహకుడు నమోదైన యంత్రాలనే అనుమతించే చోట కొత్త సభ్యురాలికి చిరునామా దొరకదు.

5.3 హోస్ట్-ఓన్లీ: అతిథి ఆతిథేయితోనూ, అదే నెట్‌వర్కులోని ఇతర అతిథులతోనూ మాత్రమే మాట్లాడగలదు, బయటికి దారి ఉండదు. పరిశ్రమల్లో దీనికి గట్టి ప్రయోజనం ఉంది. పాత పరికరాలను నడిపే సాఫ్ట్‌వేరు ఒక్కొక్కసారి పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే పని చేస్తుంది. భద్రతా సవరణలు ఆగిపోయిన అలాంటి వ్యవస్థను వర్చువల్ మెషిన్‌లో ఉంచి, అంతర్జాలానికి దూరంగా ఉంచడమే క్షేమం. అనుసంధానం ఇవ్వకపోవడం కూడా ఇక్కడ ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

6. తరగతి గదిలో జరిగినది

సమస్యను ఊహతో కాక క్రమంతో వెదకాలని విద్యార్థులకు చెప్పాను. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న: దారి ఎంతవరకు ఉంది?

మొదట అతిథికి చిరునామా ఉందో లేదో చూశాం. 10.0.2.15 ఉంది. తరువాత గేట్‌వేను పింగ్ చేశాం. పలికింది. ఆపై వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చమన్నాం. మార్చింది. అంటే నాట్, డీఎన్‌ఎస్ రెండూ పని చేస్తున్నాయి. అయినా ఆప్ట్ ఆదేశం టెసరాక్ట్‌ను తేలేక నిలిచిపోయింది. బ్రిడ్జ్‌డ్ విధానానికి మార్చి చూస్తే అసలు చిరునామాయే రాలేదు. ప్రయోగశాల నెట్‌వర్కులో నమోదైన యంత్రాలకే చోటుందని అప్పుడు తెలిసింది. తిరిగి నాట్‌కు వచ్చాం.

మా విద్యార్థి ఒకరు రాత్రి షిఫ్టులో ఒక కర్మాగారం గేటు దగ్గర కాపలా పని చేస్తారు. ఆయన ఆలోచించి, “సార్, మన మిషను బయటికైతే పోతున్నది గని, రెండో గేటు కాడ పేరు రాయిస్తలేదు” అన్నారు. అదే నిజమైంది. వెబ్ కోరికలన్నీ ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వరు ద్వారా, వినియోగదారు పేరుతో వెళ్లాలన్నది ఆ నెట్‌వర్కు నియమం. విండోస్ బ్రౌజరులో ఆ వివరాలు ఎప్పుడో నింపి ఉన్నాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అతిథి యంత్రానికి ఆతిథేయి చిరునామా దక్కింది, ఆతిథేయి పరిచయం దక్కలేదు. ఆప్ట్ అమరికల్లో ప్రాక్సీ వివరాలు రాయగానే టెసరాక్ట్, దాని తెలుగు భాషా దత్తాంశం రెండూ దిగాయి.

ఒక యంత్రం మాత్రం అప్పుడూ మొరాయించింది. వారం కింద ‘సేవ్’ చేసి మూసిన అతిథిని మళ్లీ తెరిచారు. దాని గడియారం పాత తేదీ దగ్గరే ఆగి ఉంది. కొత్తగా వెలువడిన జాబితా ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఆప్ట్ తిరస్కరించింది. తేదీని సరిచేయగానే పని జరిగింది.

ఈ క్రమంలో గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఒకటుంది. స్లర్ప్ తరహా నాట్‌లో కొన్నిచోట్ల పింగ్‌కు జవాబు రాదు, అయినా వెబ్ పని చేస్తుంది. పింగ్ పలకకపోవడమే అంతర్జాలం లేదనడానికి రుజువు కాదు.

7. పరిభాష గురించి

‘హోస్ట్’ అన్న మాటకు ఈ రంగంలో రెండు అర్థాలున్నాయి. వర్చువల్ మెషిన్ సందర్భంలో అది చోటిచ్చే యంత్రం. అంతర్జాల ప్రమాణ పత్రాల్లో మాత్రం నెట్‌వర్కుకు చేరిన ఏ యంత్రమైనా హోస్టే. మొదటి అర్థంలో ‘ఆతిథేయి’ ఒప్పుతుంది. రెండవ అర్థంలో అదే పదం వాడితే పాఠకుడు లేని అతిథిని వెదుక్కుంటాడు. అక్కడ ‘సభ్య యంత్రం’ వంటి మాట మేలు.

నాట్‌లోని ‘ట్రాన్స్‌లేషన్’ను ‘అనువాదం’ అనడం కూడా సరిగా కుదరదు. అనువాదంలో భాష మారినా అర్థం నిలవాలి. ఇక్కడ ఒక చిరునామా పోయి దాని చోట మరొకటి వస్తుంది. కనుక ‘చిరునామా మార్పిడి’ అన్నదే పనిని సరిగా చెబుతుంది. లినక్స్ ఇదే పనిలోని ఒక రకాన్ని ‘మాస్కరేడ్’ అంటుంది. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లోని ఐపీటేబుల్స్‌లో ఆ పేరు స్థిరపడింది. దీనికి తెలుగులో ‘మారువేషం’ సహజంగా అమరుతుంది. అతిథి ఆతిథేయి వేషంలో ఊరు తిరిగి వస్తుంది.

8. తెచ్చుకోవడం, ఇవ్వడం

తెలుగు లిపి 1991లో యూనికోడ్ తొలి సంచికలోనే చోటు పొందింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ పంపిణీని రూపొందించింది. తెలుగును కంప్యూటరులోకి తెచ్చిన ఈ కృషి వల్లనే మా విద్యార్థులు పాత పుటలను పాఠ్యంగా మార్చగలిగారు. తప్పులు దిద్దిన పుటలతో వారు అతిథి యంత్రంలోనే ఒక చిన్న వెబ్ పేజీ తయారుచేశారు. దాన్ని పాశమైలారంలోని తమ ఇంటివారికి ఫోనులో చూపించాలని కోరుకున్నారు.

అది జరగలేదు. అతిథి ముందు వర్చువల్‌బాక్స్ గేటు ఉంది. దాన్ని పోర్ట్ ఫార్వార్డింగ్‌తో తెరిచాం, ప్రయోగశాలలోని ఇతర కంప్యూటర్లకు పేజీ కనిపించింది. దాని బయట నెట్‌వర్కు రౌటరు గేటు ఉంది. దాన్ని తెరిచే హక్కు మాకు లేదు. ఇంటి నుంచి మొబైల్ అంతర్జాలంతో ప్రయత్నించినా మరో గేటు ఎదురవుతుంది. సేవాసంస్థలు ఎందరో వినియోగదారులను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచే పద్ధతి అది. దానికోసం 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ప్రత్యేక చిరునామా సమూహాన్నే కేటాయించింది. చివరకు విద్యార్థులు తమ పుటలను పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకువెళ్లారు.

ఐపీవీ6 పద్ధతి 1998 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 2460గా వెలువడింది. అందులో చిరునామాకు 128 బిట్లు. కొరత ఇక ఉండనవసరం లేదు. భారత ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖ 2010 జూలైలో దీనికి జాతీయ ప్రణాళికను ప్రకటించింది. 2016 తరువాత మొబైల్ సేవల విస్తరణతో దేశంలో దీని వాడకం బాగా పెరిగింది. విద్యార్థి చేతిలోని ఫోనుకు ఐపీవీ6 చిరునామా ఉండగా, ప్రయోగశాలలోని కంప్యూటరు ఇంకా కేరాఫ్ చిరునామాతోనే ఉండడం నేటి విచిత్ర స్థితి.

అయితే చిరునామా దక్కినంత మాత్రాన గేటు అక్కరలేదనుకోవడం పొరపాటు. భద్రత కోసం ఫైర్‌వాల్ ఉండవలసిందే. కొరత వల్ల పుట్టిన గేటు వేరు, భద్రత కోసం కట్టిన గేటు వేరు. మొదటిది ఎవరిని ఆపాలో ఆలోచించదు, బయటి నుంచి వచ్చిన అందరినీ ఆపుతుంది. రెండవది ఎవరిని రానివ్వాలో మనం నిర్ణయించేది. మన విద్యాసంస్థల్లో ఈ రెండూ కలిసిపోయి, కొరత కూడా భద్రతగానే చలామణీ అవుతోంది.

9. ముగింపు

లినక్స్ అతిథి యంత్రంలో కనిపించే 10.0.2.15 అన్న సంఖ్యలో మూడు చరిత్రలు కలిశాయి. 1967 నాటి యంత్ర విభజన ఆలోచన, 1994 నాటి తాత్కాలిక చిరునామా మార్పిడి, 1995 నాటి షెల్ ఖాతాదారుల ఉపాయం ఆ మూడు. ఈ కలయిక వల్లనే నిర్వాహక హక్కులు లేని ఒక తెలుగు విభాగం కూడా లినక్స్‌ను, టెసరాక్ట్‌ను వాడుకోగలిగింది. ఆ మేరకు ఇది పేదవారి సాంకేతికత, గౌరవించదగినది.

కానీ ఈ దారి ఒకవైపుకే పూర్తిగా తెరిచి ఉంది. తెలుగు పాఠ్యాలను తయారుచేసే కళాశాలలు వాటిని తమ చోటి నుంచే లోకానికి అందించాలంటే, విద్యాసంస్థల నెట్‌వర్కుల్లో ఐపీవీ6 అమలు, విద్యార్థుల పనికి నియంత్రిత బహిరంగ సర్వరు, ప్రాక్సీ నియమాలను ప్రయోగశాల గోడ మీద రాసిపెట్టే పారదర్శకత అవసరం. ఈ కోరికలు సాంకేతిక శాఖ నుంచే రావాలన్న నియమం లేదు. పాఠ్యం మనది కనుక తెలుగు శాఖలే అడగాలి. కర్మాగారం గేటు దగ్గర నిలబడిన విద్యార్థి ఆ రెండో గేటును గుర్తించినట్లే, మన పని ఎక్కడ ఆగిపోతున్నదో గుర్తించడం అందుకు మొదటి మెట్టు.